నా పేపర్లా, నా స్టూడెంట్లా?

ప్రశ్న:

మాస్టారూ, నమస్కారం. నేను గణితంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఉద్యోగం పర్మనెంట్ అవుతుందో లేదో తేల్చే సమీక్ష ఇంకో రెండేళ్లలో ఉంది. నా దగ్గర ముగ్గురు రీసెర్చ్ స్కాలర్లు ఉన్నారు. ఒకతనికి ఇచ్చిన ప్రాబ్లమ్ ఏడాదిన్నరగా అంగుళం కదల్లేదు. ఈ మధ్య నన్ను తప్పించుకు తిరుగుతున్నాడు. రెండో అమ్మాయి చురుకైనది, థీసిస్ చివరికొచ్చింది. అయితే ఆమె ప్రధాన ఫలితంలో కీలకమైన లెమ్మా, అంటే పెద్ద నిరూపణకు మెట్టుగా వాడే చిన్న ఫలితం, నాది. పేపర్‌లో నా పేరు పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే ఆమెకు నష్టమా? మూడో అబ్బాయి పీహెచ్‌డీ అయ్యాక కంపెనీ ఉద్యోగానికి వెళ్తానంటున్నాడు. అతని మీద ఇంకా సమయం పెట్టడం దండగేమో అనిపిస్తోంది, అలా అనిపించినందుకు సిగ్గుగానూ ఉంది. ఇదంతా చూసి మా సీనియర్ ఒకాయన 'పర్మనెంట్ అయ్యేదాకా స్టూడెంట్లని పక్కన పెట్టు, నీ పేపర్లు చూసుకో' అన్నారు. పగలంతా క్లాసులతో, వీళ్లతో సరిపోతోంది. రాత్రి నా పని తెరిస్తే నిన్న ఎక్కడ ఆపానో కూడా గుర్తుండటం లేదు. ఏం చేయమంటారు?

— ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్

జవాబు:

అమ్మా, మీరు చాలానే అడిగారు. కానీ నన్ను ఆపేసింది మీరు అడగకుండా దాటేసిన మాట: 'ఈ మధ్య నన్ను తప్పించుకు తిరుగుతున్నాడు.' మిగతావన్నీ నెల రోజులు ఆగుతాయి, ఇది ఆగదు. అందుకని ముందు ఆ అబ్బాయి సంగతి చూద్దాం.

ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకు ప్రయోగం పాడైనా నోట్‌బుక్‌లో నాలుగు అంకెలు మిగులుతాయి. గణితంలో ఆరు నెలలు తలబద్దలు కొట్టుకుని, ఆఖరికి దారి మూసుకుపోతే, చూపించడానికి చెత్తబుట్ట తప్ప ఏమీ ఉండదు. పైగా అతను రోజూ చదివేది అచ్చయిన పేపర్లు. వాటిలో సిద్ధాంతం ఉంటుంది, నిరూపణ ఉంటుంది. ఆ నిరూపణ దొరక్కముందు ఆ రచయిత ఎన్ని తప్పుదారులు తొక్కాడో ఒక్క ముక్క ఉండదు. ఇక అతనికి తెలిసిందల్లా ఏమిటంటే, అందరికీ అవుతోంది, నాకొక్కడికే కావడం లేదు. ఇరుక్కుపోవడమే ఈ వృత్తిలో మామూలు స్థితి అని మీకు తెలుసు. అతనికి తెలియదు. గైడ్ చేయగల సాయంలో పెద్ద భాగం లెమ్మాలు ఇవ్వడం కాదు, తనకు ఎప్పటి నుంచో తెలిసినవి, స్కాలర్‌కు ఎవరూ చెప్పనివి నోరు తెరిచి చెప్పడమే అని నా అభిప్రాయం. కింద ఏం రాసినా తిరిగి తిరిగి అక్కడికే వస్తాను.

మీరే కబురు పెట్టండి. 'ప్రోగ్రెస్ ఏమైనా ఉంటే వచ్చి కలువు' అని మెయిల్ పెట్టారంటే ఇక రాడు, ప్రోగ్రెస్ లేదు కాబట్టి. 'ఏమీ లేకపోయినా రా, మనం కలిసి బోర్డు మీద చూద్దాం' అనండి. వారంలో ఒక గంట ఖాయం చేయండి. చెప్పడానికి ఏమీ లేని వారాల్లో కూడా ఆ గంటను రద్దు చేయొద్దు, అతన్నీ చేయనివ్వొద్దు. అలాంటి వారాల కోసమే అసలు ఆ గంట.

ఆ గంటలో సుద్ద అతని చేతిలో ఉండాలి. అతను సాధారణ రూపంలో మొదలుపెడతాడు: 'జీ ఒక పరిమిత గ్రూపు అనుకుందాం...' అక్కడే ఆపండి. 'ఆరు మూలకాల గ్రూపు తీసుకో. మూడు వస్తువుల క్రమమార్పులు. నీ ఇన్వేరియంట్ దానికి ఎంత వస్తుందో చేత్తో లెక్కగట్టు.' మీరు నోరు మెదపకుండా కూర్చోండి. ఇది కష్టం. మనకు జవాబు కనిపిస్తుంటే నాలుక దురద పెడుతుంది. కానీ ఆ పది నిమిషాల్లో రెండింట్లో ఏదో ఒకటి బయటపడుతుంది. ఒకటి: మొదటి ఏడాదే అడగాల్సిన ఒక నిర్వచనం అతనికి సరిగ్గా అర్థం కాలేదు, ఆ తర్వాత అడగడానికి మొహం చెల్లలేదు. ఇది చాలా సాధారణం, ఒక మధ్యాహ్నంలో తీరిపోతుంది. రెండోది: లెక్క చకచకా చేసి, 'ఇక్కడిదాకా వస్తోంది మేడమ్, కానీ ఈ ఉపగ్రూపు నార్మల్ కాకపోతే ఈ మెట్టు దగ్గర పోతోంది' అని వేలు పెట్టి చూపిస్తాడు. అలా చూపించగలిగితే అతను ఏడాదిన్నర ఊరికే కూర్చోలేదు. ఎక్కడ ఎందుకు ఆగుతుందో తెలుసుకున్నాడు. అది ఫలితమేనని అతనికి చెప్పండి. థీసిస్‌లో దానికి ఒక సెక్షన్ దొరుకుతుందని కూడా చెప్పండి.

తర్వాత మీరు ఒంటరిగా కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ ప్రాబ్లమ్ ఇచ్చినప్పుడు లోపలికి వెళ్లే దారి ఒక్కటైనా మీ కంటికి కనిపించిందా, లేక 'ఇది తేలితే బాగుంటుంది' అని ఇచ్చారా? రెండోదైతే అది స్కాలర్‌కు ఇవ్వాల్సిన ప్రాబ్లమ్ కాదు. గణితవేత్త ఆండ్రూ వైల్స్‌కు పదేళ్ల వయసు నుంచి, వందల ఏళ్లుగా ఎవరికీ లొంగని ఫెర్మా చివరి సిద్ధాంతం మీద మోజు. 1975లో కేంబ్రిడ్జ్‌లో పరిశోధనకు చేరినప్పుడు మాత్రం దాన్ని పక్కన పెట్టి, గైడ్ జాన్ కోట్స్ దగ్గర ఎలిప్టిక్ వక్రాలు అనే ఒక రకం సమీకరణాల మీద పని మొదలుపెట్టాడు. అక్కడ కొత్త పనిముట్లు ఉన్నాయి, ఏదో ఒకటి చేతికొస్తుందన్న నమ్మకం ఉంది. చివరికి ఫెర్మా సిద్ధాంతాన్ని తేల్చిందీ ఆ ఎలిప్టిక్ వక్రాలే, అయితే అది చాలా ఏళ్ల తర్వాత. స్కాలర్ దశలో కావలసింది మెట్లున్న ప్రాబ్లమ్: మొదటి మెట్టు కచ్చితంగా ఎక్కగలిగేది, మధ్యది ఎక్కితే థీసిస్ అయిపోయేది, పైది ఎక్కితే పేరొచ్చేది. మీ అబ్బాయి ప్రాబ్లమ్‌ను అలా కోయడం కుదిరితే కోయండి. కమ్యుటేటివ్ గ్రూపులకు ముందు చేయమనండి, లేదా ప్రైమ్ ఆర్డర్‌కు. ఒక వారమంతా అది తప్పని నిరూపించడానికి ప్రయత్నించమనండి. ఎదురుదాహరణ వెతికేవాడికి నిరూపణ దొరకడం మన వృత్తిలో కొత్తేమీ కాదు.

కోయడం కుదరకపోతే ఈ టర్మ్ చివరిదాకా గడువు పెట్టి, ఆ తర్వాత ప్రాబ్లమ్ మార్చేయండి. మార్చేటప్పుడు 'ఇది నీకు కాలేదు' అన్న ధ్వని రానీయొద్దు. 'నేను ఎంచిన ప్రాబ్లమ్ ఇప్పుడున్న పద్ధతులకు లొంగడం లేదు, కాబట్టి మారుస్తున్నాను' అని నిర్ణయం మీ మీద వేసుకోండి. నిజం కూడా అదే కదా.

నెమ్మదిగా పనిచేసేవాడైతే దానికీ కంగారు పడనక్కర్లేదు. 2014లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న మరియం మిర్జాఖానీ తాను నెమ్మదస్తురాలినని తనే చెప్పుకునేది. హార్వర్డ్‌లో తన గైడ్ కర్టిస్ మెక్‌మలన్ సెమినార్లకు వెళ్లిన కొత్తలో చెప్పేది చాలావరకు అర్థమయ్యేది కాదట. అయినా ఆయన గదికి వెళ్లి ప్రశ్న మీద ప్రశ్న అడిగేది, జవాబులు పర్షియన్‌లో రాసుకునేది. ఆమె నెమ్మదిగా పనిచేసింది, కానీ అడగడం మానలేదు. మీ అబ్బాయి మానేశాడు. కాబట్టి మీరు చూసుకోవలసింది అతని వేగాన్ని కాదు, అడగడానికి మీ తలుపు అతనికి తెరిచి ఉందా అన్నది.

ఇంకొక్క మాట. నిద్ర పట్టడం లేదనో, తిండి సహించడం లేదనో, ఎవరితోనూ మాట్లాడటం లేదనో తెలిస్తే అది గణితం సమస్య కాదు. మీరు డాక్టరు వేషం వేయొద్దు. యూనివర్సిటీలో కౌన్సెలర్ ఉంటే దగ్గరుండి పంపండి, లేకపోతే బయట డాక్టరు దగ్గరికి. ఆ కాలమంతా ప్రాబ్లమ్ ఊసు ఎత్తొద్దు.

ఈ ముగ్గురినీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేశారా? చేయకపోతే అది మీ సమయాన్ని కూడా మిగిల్చే పని. గణితవేత్త ఎస్.ఆర్.ఎస్. వరదన్ 1959లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరినప్పుడు క్వాలిటీ కంట్రోల్ వైపు పోతున్నాడు. గైడ్ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారే, కానీ సంభావ్యతా సిద్ధాంతంలోకి లాగింది తోటి కుర్రాళ్లు వరదరాజన్, రంగారావు, పార్థసారథి. నలుగురూ కలిసి చదువుకున్నారు, ఒకరి తప్పులు ఒకరు పట్టుకున్నారు. 2007లో వరదన్‌కు గణితంలో పెద్ద పురస్కారమైన ఏబెల్ బహుమతి వచ్చింది. రావు గారు ఆ కుర్రాళ్లను వాళ్ల మానాన చదువుకోనిచ్చారు, అదీ గైడ్ పనే. వారానికోసారి మీ ముగ్గురూ మీరు లేకుండా కలవాలి. మీరు గదిలో ఉంటే తెలివితక్కువ ప్రశ్నలు బయటికి రావు.

ఇక రెండో అమ్మాయి పేపర్ సంగతి. గణితంలో పద్ధతి మిగతా శాస్త్రాల్లాంటిది కాదని మీకు తెలుసు. గైడ్ ఆలోచనలు ఇవ్వడం, స్కాలర్ ఒంటరిగా పేపర్ రాసి చివర కృతజ్ఞతలు చెప్పడం ఇక్కడ మామూలే. ఉమ్మడి పేపరైతే పేర్లు అక్షరక్రమంలో వేస్తారు, మొదటి పేరుకు ప్రత్యేక గౌరవమేమీ లేదు. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 2004లో ఈ ఆచారాన్ని వివరిస్తూ ఒక ప్రకటన కూడా విడుదల చేసింది. మీ సమీక్ష కమిటీలో ఇతర శాస్త్రాలవాళ్లుంటే ఆ కాగితం ఫైలులో పెట్టండి, పనికొస్తుంది.

గైడ్‌తో ఉమ్మడి పేపర్ స్కాలర్‌కు హాని అన్నది పూర్తి నిజం కాదు. కోట్స్, వైల్స్ 1977లో కలిసి రాసిన పేపర్‌తోనే వైల్స్ పేరు అందరికీ తెలిసింది. కానీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఉన్నది ఆ ఒక్క ఉమ్మడి పేపరే అయితే, చదివేవాడి మొదటి సందేహం 'ఇందులో ఈ అమ్మాయిదెంత?' అనే. కాబట్టి ఆమె థీసిస్‌లో ఇంకో ఫలితం, కొంచెం చిన్నదైనా సరే, ఉందా? ఉంటే దాన్ని ఆమె పేరుతోనే విడిగా పంపించి, ప్రధాన ఫలితాన్ని ఇద్దరూ రాయండి. లేకపోతే మీ లెమ్మాను మీరు చిన్న నోట్‌గా అచ్చువేసుకోండి, ఆమె దాన్ని ఉదహరిస్తూ సిద్ధాంతాన్ని తన పేరుతో రాస్తుంది. లెమ్మా మీ ఖాతాలో ఉంటుంది, సిద్ధాంతం ఆమె ఖాతాలో.

ఇందులో ముఖ్యమైనది ఈ మాట ఎలా ఎత్తుతారన్నది. 'నా పేరు పెడితే నీకేమైనా అభ్యంతరమా?' అని అడగొద్దు. సిఫారసు లేఖ రాయాల్సిన గైడ్‌తో ఉందని ఏ స్కాలర్ అనగలదు? రెండు దారులనూ ఆమె ముందు పెట్టి, దేనివల్ల ఎవరికి ఏం లాభమో చెప్పి, మీకు దేనితోనైనా ఫర్వాలేదని చెప్పి, వారం టైమ్ ఇవ్వండి. ముందు మీకు నిజంగానే ఫర్వాలేదని నిశ్చయించుకోండి.

జర్మన్ గణితవేత్త ఎమ్మీ నోథర్ తన ఆలోచనలను వచ్చినవాళ్లకు వచ్చినట్టు పంచిపెట్టిందని అంటారు. 1930లో వాన్ డెర్ వార్డెన్ రాసిన ఆధునిక బీజగణిత గ్రంథం ఆమె, మరో గణితవేత్త ఆర్టిన్ చేసిన ఉపన్యాసాల మీదే నిలబడింది. నిజమే, గొప్ప మనసు. కానీ ఆవిడ ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో ఏడేళ్లు జీతం లేకుండా పనిచేసిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ మనసును మెచ్చుకుంటూ, మీ లెమ్మా మాత్రం మీ పేరుతో ఎక్కడో ఒకచోట ఉండేలా చూసుకోండి. మీకు సమీక్ష ఉంది.

కంపెనీకి వెళ్తానన్న అబ్బాయి విషయం ఇంత సేపు పట్టదు. పీహెచ్‌డీ చేసినవాళ్లందరికీ సరిపడా ప్రొఫెసర్ ఉద్యోగాలు ఎక్కడా లేవు, అది అతను ముందే గ్రహించాడు. ముందే చెప్పడం మీ మీద నమ్మకం. అతని థీసిస్‌ను చక్కగా, త్వరగా ముగించగలిగే పరిధికి తగ్గించండి. ప్రోగ్రామింగో గణాంకాలో నేర్చుకోవడానికి ఒక టర్మ్ వెసులుబాటు ఇవ్వండి. మీ మునుపటి విద్యార్థులో స్నేహితులో పరిశ్రమలో ఉంటే పరిచయం చేయండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఆ ఆలోచన మీకు వచ్చింది, మీరు దాని ప్రకారం నడుచుకోలేదు.

ఇప్పుడు మీ సీనియర్ గారి సలహా. సగం సరైనదే. సమీక్ష అయ్యేదాకా నాలుగో స్కాలర్‌ను తీసుకోవద్దు, ఎంత మెరికలాంటివాడు వచ్చినా సరే. కమిటీల్లో కూర్చోమంటే 'రెండేళ్ల తర్వాత' అనండి. ఉన్న ముగ్గురినీ పక్కన పెట్టమన్న మిగతా సగం మాత్రం మీకే చేటు.

అమెరికన్ గణితవేత్త విలియం థర్స్టన్ సంగతి చెబుతాను, ఎందుకంటే రెండు దారులూ తొక్కి చూసి, 1994లో తానే ఒక వ్యాసంలో విప్పి చెప్పిన మనిషి ఆయన. 1970ల మొదట్లో జ్యామితిలో ఫోలియేషన్ల సిద్ధాంతమనే ఒక శాఖలో ఒకదాని వెనుక ఒకటి పెద్ద ఫలితాలు నిరూపించుకుంటూ పోయాడు. కొన్నేళ్లకే మిగతావాళ్లు ఆ రంగం వదిలి వెళ్లిపోవడం మొదలైంది. 'అందులోకి వెళ్లకండి, అంతా థర్స్టన్ తేల్చేస్తున్నాడు' అని గైడ్లు స్కాలర్లకు చెప్పేవారట. తేలడానికి ఇంకా ఎన్నో మిగిలే ఉన్నా పనిచేసేవాళ్లు లేకుండా పోయారు. తర్వాత త్రిమితీయ మానిఫోల్డులు అనే మూడు కొలతల ఆకారాల మీదికి వచ్చినప్పుడు పద్ధతి మార్చాడు. ప్రిన్స్‌టన్‌లో చెప్పిన పాఠాల నోట్సు కాపీలు అడిగినవాళ్లకల్లా వెళ్లాయి. ఎందరో విద్యార్థులు తయారయ్యారు. తనకు తెలిసింది ఇతరులకు అందేలా చేయడానికే ఎక్కువ సమయం పెట్టాడు, తన పేరు మీద వచ్చే సిద్ధాంతాలు తగ్గినా. ఆ రంగం ఇప్పటికీ కళకళలాడుతోంది. ఆయనకు 1982లో ఫీల్డ్స్ మెడల్ వచ్చింది, మనకు రాదనుకోండి. కానీ మన పని ఎవరు చదవాలి, ఎవరు ముందుకు తీసుకెళ్లాలి అన్న ప్రశ్న మనకూ అదే. సమీక్షకు మీ గురించి బయటివాళ్లు లేఖలు రాస్తారు కదా. మీ పనిని వాడుకుంటున్నవాళ్లెవరు అని వాళ్లు చూస్తారు. మీ స్కాలర్లు రాసే పేపర్లూ ఇచ్చే సెమినార్లూ ఆ ప్రశ్నకు జవాబులే.

వైల్స్ కథలోనూ ఇదే ఉంది: ఫెర్మా సిద్ధాంతానికి 1993లో ఆయన ప్రకటించిన నిరూపణలో లోపం బయటపడినప్పుడు, దాన్ని పూడ్చడానికి పిలిపించుకున్నది ఒకప్పటి తన విద్యార్థి రిచర్డ్ టేలర్‌నే. 1994 సెప్టెంబరులో దారి దొరికింది, 1995లో రెండు పేపర్లు వచ్చాయి, రెండోది ఇద్దరి పేరుతో. అందరికీ టేలర్ దొరకడు, అది నిజం.

మీ రాత్రి పని గురించి నాకు ఒకటే తోస్తోంది: రాత్రికి వదిలేయకండి. పొద్దున్నే, మెయిల్ తెరవక ముందు, తలుపు మూసుకుని రెండు గంటలు మీవి. క్లాసులున్న రోజుల్లో గంటైనా. లేచేటప్పుడు కాగితం మీద ఒక్క వాక్యం రాసి పెట్టండి: 'రేపు సమీకరణం నాలుగులో హద్దు బిగించాలి' లాంటిది. నిన్న ఎక్కడ ఆపానన్న గొడవ ఉండదు. స్కాలర్లకు ఆ వేళ తలుపు తెరవరని తెలిస్తే ఏమీ అనుకోరు. ఎప్పుడు తెరుస్తారో తెలియకపోతేనే బాధపడతారు. మీ పెద్ద ప్రాబ్లమ్ పక్కన, రెండేళ్లలో కచ్చితంగా పేపరై బయటికొచ్చే పని ఒకటి పెట్టుకోండి. గణితంలో రిఫరీలు, అంటే జర్నల్ తరఫున పేపర్‌ను పరీక్షించేవాళ్లు, నెలల తరబడి కూర్చోబెడతారు, పొడుగాటి పేపరైతే ఏడాది దాటడమూ కద్దు. సమీక్ష నాటికి అంగీకారం రావాలంటే పంపాల్సింది ఈ ఏడాదే.

ఈ లెక్కే ఆ అమ్మాయికీ వర్తిస్తుంది, ఆమెకు ఈ ఆలస్యాలు తెలుసో లేదో కనుక్కోండి. అచ్చయ్యేదాకా ఆగకుండా, పేపర్లను ముందే అందరికీ అందుబాటులో ఉంచే ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో పెట్టమనండి. మొదటి రిఫరీ నివేదిక కటువుగా వస్తే ఇద్దరూ కలిసి చదవండి. 'నిరూపణ అస్పష్టంగా ఉంది' అంటే 'నిరూపణ తప్పు' అని కాదని కొత్తవాళ్లకు తెలియదు. ఫెలోషిప్ ఎన్నాళ్లు వస్తుంది, ఆ తర్వాత ట్యుటోరియల్ క్లాసులు చెప్పి గడుపుకోవాలా అన్నది ముగ్గురితోనూ విడివిడిగా, అంకెలతో సహా మాట్లాడండి. డబ్బు మాట ఎత్తడానికి మనం మొహమాటపడతాం, వాళ్లు మనకంటే ఎక్కువ పడతారు. థీసిస్ రాసే ఆఖరి టర్మ్‌లో ఆమెకు క్లాసుల భారం తగ్గించమని విభాగాధిపతిని మీరే అడగండి. అదే మాట స్కాలర్ అడిగితే ఫిర్యాదులా వినిపిస్తుంది.

చివరిగా ఆమె సిఫారసు లేఖ. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, దరఖాస్తులు అందులో చేరడానికి దాదాపు ఏడాది ముందే మొదలవుతాయి, కాబట్టి ఇప్పటి నుంచే రాయడం మొదలుపెట్టండి. 'కష్టపడే స్వభావం, చక్కని ప్రవర్తన' అని కర్ర విరగకుండా పాము చావకుండా రాసిన లేఖను చదివేవాళ్లు 'చెప్పడానికి ఇంకేమీ లేదు కాబోలు' అని అర్థం చేసుకుంటారు. ఇలా రాయండి: 'ఈ లెమ్మా నాది. కానీ దీన్ని కంపాక్ట్ కాని సందర్భానికి తీసుకెళ్లవచ్చని నాకు తట్టలేదు. ఆమె మూడో అధ్యాయంలో వాడిన కటింగ్ పద్ధతి పూర్తిగా ఆమెదే. నేను అది పనిచేయదని వాదించాను, ఆమె పనిచేయించి చూపింది.' పేపర్ మీద ఎవరి పేర్లున్నా, ఆమెదెంత అన్న సందేహానికి ఈ నాలుగు వాక్యాలే జవాబిస్తాయి. మిగతా ఇద్దరు లేఖకుల్లో ఒకరైనా మీ విభాగం బయటివారై ఉండాలి. దానికి ఆమె పనిని వాళ్లు ముందే విని ఉండాలి. వచ్చే కాన్ఫరెన్స్‌లో మీకు మాట్లాడే అవకాశం వస్తే ఆ స్లాట్ ఆమెకు ఇప్పించగలరేమో అడిగి చూడండి.

మొదటి అబ్బాయికి మాత్రం ఈ ఉత్తరం చదవగానే ఫోన్ చేయండి.